ఏ పూటకు ఏ హోటల్? ఇడ్లీ బండి నుంచి ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్ దాకా

హైదరాబాద్‌లో ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి లాంటి చోట్ల ఏ సందులో నిలబడినా పది నిమిషాల నడకలో అరడజను రకాల తిండి దొరుకుతుంది. మూల మీద ఇడ్లీ బండి, మెయిన్ రోడ్డు మీద ఉడిపి హోటల్, హాస్టళ్ల మధ్య ఆంధ్రా మెస్, దాని పక్కనే కర్రీ పాయింట్, చౌరస్తాలో ఇరానీ హోటల్, బిర్యానీ సెంటర్, మొదటి అంతస్తులో అద్దాల తలుపుల ఏసీ ఫ్యామిలీ రెస్టారెంట్. వీటిలో ఏది మంచిదని అడిగితే ఎవరి ఊరి అభిమానం వాళ్లది, ఆ గొడవ తేలదు. పొద్దున ఎనిమిదింటికి ఏది, మధ్యాహ్నం మూడింటికి ఏది అని అడిగితే మాత్రం తేలుతుంది.

చిన్న హోటల్లో వంట రోజుకు ఒకటి రెండు సార్లే జరుగుతుంది. మిగతా సమయమంతా వండింది అమ్ముకోవడమే. అందుకే బోర్డు, రేటింగు, గోడకు వేసిన టైల్స్ ఇవన్నీ తర్వాత. ముందు చూడాల్సింది గిన్నె ఎంత తొందరగా ఖాళీ అవుతోంది, మనం వెళ్లే వేళకు అక్కడ నడుస్తున్నది ఎన్నో వాయి అన్నది. ఈ లెక్కతో ఒక్కో పూటా చూద్దాం.

పొద్దున: బండా, ఉడిపా?

ఏడు నుంచి తొమ్మిదిన్నర మధ్య అయితే నా ఓటు బండికే. ఆ వేళలో ఇడ్లీ పాత్ర దించిన ఐదు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఆఫీసుకు పరుగెత్తేవాళ్లు, కోచింగ్ పిల్లలు, ఆటోవాళ్లు చుట్టూ నిలబడి ఉంటారు కాబట్టి ఏదీ నిలవ ఉండే అవకాశమే లేదు. పల్లీ చట్నీ, అల్లం చట్నీ, పైన కారప్పొడి, అడిగితే ఒక చెంచా నెయ్యి. హైదరాబాద్ బండ్లకు ఇంకో ముచ్చట ఉంది, వెన్న ధారాళంగా వేసి పెనం మీదే ఉప్మా, కారం కలిపి గీకే దోశ. నాంపల్లి దగ్గర రామ్ కీ బండీ, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో గోవింద్ బండి ఈ తరహాకు పేరుపడ్డవి. ఇప్పుడు ప్రతి పేటలోనూ ఆ దోశను అనుకరించే బండి ఒకటైనా ఉంది.

పది దాటితే లెక్క మారుతుంది. చట్నీ బకెట్‌ను గమనించండి. ఎనిమిదింటికి గరిటె ముంచి తీస్తే చట్నీ గరిటెకు అంటుకుని పైకి వస్తుంది, ఇడ్లీ మీద వేస్తే అక్కడే కూర్చుంటుంది. పదిన్నరకు అదే చట్నీ ఇడ్లీ మీద పడీ పడగానే ప్లేటు అంచు దాకా పారుతుంది. మధ్యలో ఎన్ని చెంబుల నీళ్లు పడ్డాయో, ఆ నీళ్లు ఎక్కడివో మనకు తెలియదు. ఆ వేళకు బండి దగ్గర దోశ ఒక్కటే ధైర్యంగా తినొచ్చు, అది మన కళ్ల ముందే కాలుతుంది కాబట్టి. చట్నీ వద్దని కారప్పొడి వేయించుకుంటే సరి.

బండి దగ్గర నాకు నచ్చని విషయం ప్లేటు మీద వేసే పల్చటి ప్లాస్టిక్ కవరు. ప్లేటు కడిగే శ్రమ తప్పుతుందని వాళ్లు వేస్తారు, శుభ్రంగా ఉందని మనం సంతోషిస్తాం, పొగలు కక్కే ఇడ్లీ మాత్రం నేరుగా ఆ ప్లాస్టిక్ మీద పడుతుంది. కడిగిన స్టీలు ప్లేటో, విస్తరాకు ముక్కో వాడే బండి రెండు సందుల అవతల ఉన్నా నడిచి వెళ్లొచ్చు.

ఉడిపి హోటల్లో అదే ఇడ్లీకి బండి కంటే బాగా ఎక్కువ పెట్టాలి. ఆ ఎక్కువ డబ్బుకు వచ్చేవి సాంబారు, ఫిల్టర్ కాఫీ, కుర్చీ, చేతులు కడుక్కోవడానికి నల్లా, బాత్రూమ్. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఆఖరి మూడే అసలు విషయాలు. మోకాళ్ల నొప్పుల అత్తయ్యను బండి పక్కన నిలబెట్టి తినిపించలేం కదా. పైగా నీచు తగిలిన గిన్నెలో వండింది ముట్టని వాళ్లు టెన్షన్ లేకుండా తినే చోటు అదొక్కటే. అబిడ్స్ తాజ్ మహల్ హోటల్ లాంటి పాత చోట్లకు మూడు తరాల వాళ్లు కలిసి వెళ్లడం వెనక ఉన్నది ఆ భరోసాయే. పదకొండింటికి ఆకలేసినా, సాయంత్రం నాలుగింటికి వడ తినాలనిపించినా ఉడిపి వైపే నడవండి. వాళ్ల పిండి రుబ్బుడు, సాంబారు మరగడం రోజంతా సాగుతూ ఉంటాయి.

పూరీ, మైసూర్ బోండా, సాయంత్రం మిర్చి బజ్జీ తినేవాళ్లు ఎక్కడైనా సరే మూకుడులోకి ఒకసారి తొంగి చూడాలి. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె పదే పదే కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే అది వంటకు పనికిరాదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మన దగ్గర మీటరు ఉండదు కాబట్టి కంటితోనే చూడాలి. నూనె నల్లగా చిక్కబడి, వాయి వేయకముందే పొగ వస్తూ, అంచుల్లో నురగ కడుతుంటే ఆ పూట ఇడ్లీతో సరిపెట్టుకోండి.

మధ్యాహ్నం: మెస్సు, కర్రీ పాయింట్

బయటి తిండిలో అన్నం తిన్న తృప్తి నిజంగా దొరికేది మెస్‌లోనే. కౌంటర్‌లో టోకెన్ తీసుకోవడం, గోడ పక్క బల్ల, ముందే పెట్టి ఉంచిన పచ్చడి, కందిపొడి. వడ్డించే అబ్బాయి అన్నం గుట్టగా పోసి నెయ్యి చిలకరిస్తాడు. మొదటి ముద్ద కందిపొడితో, తర్వాత పప్పు, వేపుడు, పులుసు, చారు, పెరుగు. ఈ వరస తప్పకుండా వడ్డించే మెస్ దొరికితే దాన్ని వదలకండి.

మంచి మెస్‌ను కూర్చోకముందే పట్టుకోవచ్చు. "ఇవాళ కూరలేంటి?" అని అడగండి. "దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు, వంకాయ ముద్దకూర, ములక్కాడ చారు" అని గడగడా చెబితే ఆ పూట వంట ఆ పూట మార్కెట్‌ను బట్టి జరిగిందన్నమాట. "పప్పు, కర్రీ, ఫ్రై అన్నీ ఉన్నాయి సార్, కూర్చోండి" అన్నాడంటే అక్కడ రోజూ అదే ఆలుగడ్డ, అదే క్యాబేజీ. రెండో గుర్తు పెరుగు. ఇంట్లోలా తోడుపెట్టి గరిటెతో కోసి వేసే పెరుగుకూ, నీళ్ల మజ్జిగకు కాస్త పైన ఉండే చిన్న కప్పుకూ తేడా నాలుకకే కాదు, వంటవాడి ఓపికకూ కొలత.

వెళ్లాల్సిన వేళ పన్నెండున్నర నుంచి ఒకటిన్నర. రెండున్నర తర్వాత వేపుడు అయిపోయి ఉంటుంది, దాని బదులు ఇంకేదో వస్తుంది, పప్పు పలచబడుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. అదే డబ్బు, సగం భోజనం. ఆలస్యమైతే మెస్ మానేసి ఉడిపికి వెళ్లి దోశ తినడమే మేలు.

ఫుల్ మీల్సా, ప్లేట్ మీల్సా అన్న ప్రశ్నకు జవాబు మన పొట్టే చెప్పాలి. రెండోసారి అన్నం అడగనివాళ్లు ఫుల్ మీల్స్‌కు డబ్బు పెట్టడం దండగ. అయితే కొన్ని మెస్సుల్లో ప్లేట్ మీల్స్‌కు నెయ్యి, పొడి ఉండవు, అదొకటి ముందే అడగాలి. నాన్‌వెజ్ మీల్స్‌లో కోడికూర అయినా పర్వాలేదు, చేపల పులుసు విషయంలో మాత్రం కాస్త ఆగండి. పులుసు మర్నాటికి ఇంకా రుచి అంటారు. ఇంట్లో అమ్మ వండితే ఒప్పుకుంటాను, మెస్‌లో ఆ మాట నమ్మను. మధ్యాహ్నం పులుసు తినండి, రాత్రి పూట అదే గిన్నె మళ్లీ కనబడితే వదిలేయండి.

కాకినాడ సుబ్బయ్య గారి హోటల్ తరహాలో లెక్కలేనన్ని పదార్థాలతో పెట్టే పెద్ద భోజనాలు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. బాగుంటాయి, కానీ అది పండగ భోజనం. సెలవురోజు, తీరిగ్గా, తిన్నాక రెండు గంటలు నిద్రపోయే వీలుంటేనే వెళ్లాలి.

ఉద్యోగం కోసం కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మెస్‌లో నెల కార్డు తీసుకుంటారు. డబ్బు కట్టే ముందు మూడు అడగండి: ఊరెళ్లిన రోజుల భోజనాలు తర్వాతి నెలకు మారుస్తారా, ఆదివారం రాత్రి మెస్ ఉంటుందా, కార్డు మీద పార్శిల్ ఇస్తారా. చాలా గొడవలు ఆదివారం రాత్రి దగ్గరే వస్తాయి. మధ్యాహ్నం చికెన్ పెట్టి రాత్రికి తలుపులు వేసేసే మెస్సులు ఎక్కువ. కార్డు కొనేముందు ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి రాత్రి డబ్బిచ్చి తిని చూడటం తప్పనిసరి. మధ్యాహ్నం బ్రహ్మాండంగా ఉండి రాత్రి మిగిలినవి వడ్డించే చోట్లు తక్కువేం కాదు.

ఇంట్లో కుక్కర్ ఉంటే కర్రీ పాయింట్‌కు మించిన చవక లేదు. ముగ్గురికి రెండు కూరలు, ఒక సాంబారు తెచ్చుకుంటే మెస్‌లో ఒకరి ఫుల్ మీల్స్ ఖర్చుకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. ఇక్కడ కూడా గడియారమే ముఖ్యం. పన్నెండుకీ, సాయంత్రం ఏడుకీ గిన్నెలు కొత్తవి. వేడిగా అమ్మే తిండి 60 డిగ్రీల పైనే ఉండాలన్నది ఆహార భద్రతలో మొదటి సూత్రం, మూత తీసి రోడ్డు పక్కన రెండు గంటలు పెట్టిన కూర ఆ వేడి నిలుపుకోదు. మూడింటికి వెళ్లక తప్పకపోతే దొండకాయ వేపుడు, కాకరకాయ వేపుడు లాంటి పొడికూరలు తీసుకోండి. కొబ్బరి, పెరుగు పడిన కూరలు ముందు పాడవుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. స్టీలు డబ్బా తీసుకెళ్తే కాగే సాంబారును పల్చటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు చుట్టే బాధ తప్పుతుంది. డబ్బా చూస్తే వాళ్ల చెయ్యి కూడా కాస్త పెద్దదవుతుంది, ఎందుకో మరి.

బిర్యానీ తినాలనుకుంటే

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: మీకు కావాల్సింది దమ్ బిర్యానీయా, ఫ్రై పీస్ బిర్యానీయా? ఇరానీ హోటళ్లలో, పాత బిర్యానీ హోటళ్లలో దొరికేది కచ్చీ దమ్. మసాలా, పెరుగు పట్టించిన పచ్చి మాంసం అడుగున వేసి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి సన్నటి సెగ మీద ఉంచుతారు. గరిటె అడుగు దాకా దించి తీస్తే ఒకే ప్లేటులో తెల్ల మెతుకు, పసుపు మెతుకు, మసాలా అంటిన గోధుమరంగు మెతుకు మూడూ కనబడతాయి. ఆంధ్రా రెస్టారెంట్లలో ఎక్కువగా అమ్మే ఫ్రై పీస్‌లో అన్నం వేరు, విడిగా కారంగా వేయించిన ముక్కలు వేరు, వడ్డించేటప్పుడు కలుస్తాయి. కారం ఇష్టమైన వాళ్లకు అదే నచ్చుతుంది, తప్పేం లేదు. కానీ దమ్ అనుకుని వెళ్లి అది తింటే మనసు విరుగుతుంది, అందుకే ఆర్డర్ చెప్పే ముందు ఏదో అడగాలి. మెతుకు మెతుకూ ఒకే నారింజ రంగులో మెరుస్తుంటే అది రెండూ కాదు, రంగు పొడి.

హండీ, అంటే బిర్యానీ గిన్నె, తెరిచే వేళ మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతం, మళ్లీ రాత్రి ఏడున్నర. నాలుగింటికి వెళ్తే దొరికేది అడుగు మిగిలినదో, మళ్లీ వేడి చేసిందో. మటనా, చికెనా అంటే కచ్చీ దమ్‌లో నేను మటన్ వైపే. ఆ నెమ్మది సెగకు చికెన్ తొందరగా ఉడికి పీచుపీచుగా అయిపోతుంది, మటన్‌కు మాత్రం ఆ సమయం సరిగ్గా సరిపోతుంది. ఫ్రై పీస్ అయితే చికెనే.

ఇరానీ హోటల్ అసలు బలం బిర్యానీ వేళ కాని సమయాల్లో తెలుస్తుంది. మధ్యాహ్నం మూడున్నర, నలుగురు స్నేహితులు, మాట్లాడుకోవడానికి చోటు కావాలి: చాయ్, ఉస్మానియా బిస్కెట్, సమోసా చెప్పి గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. రద్దీ హోటల్లో అయితే బిల్లు ప్లేటు ముందే బల్ల మీదకు వచ్చేస్తుంది. పొద్దున్నే వెళ్తే కొన్ని చోట్ల ఖిచిడీ, ఖీమా, ఖట్టా (పుల్లటి పులుసు) దొరుకుతాయి, ఇడ్లీ దోశలతో విసుగెత్తినవాళ్లు ఒకసారి ప్రయత్నించొచ్చు. రంజాన్ నెలలో ఈ హోటళ్ల దినచర్యే మారిపోతుంది, పాతబస్తీలో చాలా చోట్ల సందడంతా ఇఫ్తార్ నుంచే. 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం కోసం రంజాన్ రోజుల్లో సాయంత్రం ఆరున్నర తర్వాత వెళ్లడమే పద్ధతి.

నలుగురైదుగురు కుర్రాళ్లు ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తినాలంటే మండీ, అంటే మాంసంతో వండే అరబ్బుల అన్నం. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులుండే బార్కస్ దీనికి అసలు చోటు, ఇప్పుడు ప్రతి పేటకూ పాకింది. మసాలా తక్కువ, మాంసం ఎక్కువ. కారం లేనిదే ముద్ద దిగని వాళ్లను తీసుకెళ్లొద్దు. మండీతో, షవర్మాతో వచ్చే తెల్లటి మయోనీజ్ విషయంలో జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసే మయోనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించాల్సి వచ్చింది. ఎండాకాలంలో నేనైతే దాన్ని పక్కన పెట్టమనే చెబుతాను.

సాయంత్రం నుంచి రాత్రి

తేలిగ్గా తిని పడుకోవాలనుకునేవాళ్లకు ఈ నగరంలో జొన్నరొట్టె బండ్లున్నాయి. సాయంత్రం ఆరు నుంచి రోడ్డు పక్కన ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని, ఒకరు వేడినీళ్లతో పిండి పిసికి చేత్తో తట్టి ఇస్తుంటే ఇంకొకరు పెనం మీద కాలుస్తారు. రొట్టె పొంగాక నేరుగా మంట మీద ఒక్క క్షణం తిప్పి ఇస్తారు. నిలవ అన్న మాటే లేదు. షుగర్ ఉన్నవాళ్లు సంచులతో వచ్చి కట్టించుకుంటారు. పక్కన అమ్మే కూర సంగతి వేరు, అది ఎప్పుడు వండారో తెలియదు. రొట్టెలు అక్కడ, పప్పో కూరో ఇంట్లో, ఇదీ మంచి జోడీ.

ఇక ఫ్యామిలీ రెస్టారెంట్. మెనూ కార్డులో నూట యాభై రకాలున్నా వంటింట్లో ఉండే గ్రేవీలు మూడే: టమాటా ఉల్లిపాయల ఎర్రది, జీడిపప్పు తెల్లది, వేయించిన ఉల్లిపాయల గోధుమరంగుది. కడాయి, హైదరాబాదీ, మొఘలాయి, పేరు ఏదైనా ఈ మూడింటి కలయికే. అందుకే నాలుగు కూరలు చెప్పినా అన్నీ ఒకలాగే ఉన్నాయనిపిస్తుంది. ఇక్కడ డబ్బుకు న్యాయం జరిగేది అప్పటికప్పుడు చేసే వాటితో: చిల్లీ చికెన్, అపోలో ఫిష్, క్రిస్పీ కార్న్, తందూరీ రోటీ. మధ్యాహ్నం కొన్ని చోట్ల తందూరు వెలిగించరు, రోటీ ఉందా అని ముందే అడగండి. స్టార్టర్లు మూడు, కూర ఒకటి, రోటీలు, చివర్లో పెరుగన్నం. ఐదుగురి కుటుంబానికి ఇది చాలు.

అంత మాత్రాన ఈ చోటును తీసిపారేయను. ఒకరు వెజ్, ఒకరు నాన్‌వెజ్, పిల్లలకు నూడుల్స్, తాతయ్యకు పెరుగన్నం, పుట్టినరోజు కేకు కోయడానికి బల్ల: ఇవన్నీ ఒకేచోట కుదిరేది ఇక్కడే. అయితే ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లడమంత తెలివితక్కువ పని లేదు. ఏడింటికే వెళ్లండి, వంటవాడి చెయ్యి అప్పటికింకా అలిసిపోయి ఉండదు.

బిల్లు చేతికొచ్చాక

మామూలు రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 5 శాతం, అంటే కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర. 800 రూపాయలు తింటే 840. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తామే కొంత శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటళ్లు మన దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు, ఆ సంగతి బోర్డు మీద, బిల్లు మీద రాసి ఉండాలి కూడా. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకుండా పన్ను వేస్తే అడగండి.

సర్వీస్ చార్జి అన్నది పన్ను కాదు. 800కు 10 శాతం సర్వీస్ చార్జి వేసి, ఆ మొత్తం మీద జీఎస్టీ లెక్కేస్తే 924 అవుతుంది. ఇలా బిల్లులో తనంతట తానుగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా చెబితే చాలావరకు తీసేస్తారు. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయొచ్చు. బండి దగ్గర, మెస్‌లో ఈ గొడవలేవీ ఉండవు, వడ్డించిన అబ్బాయి చేతిలో పది రూపాయలు పెడితే రేపు నెయ్యి ఇంకో చెంచా పడుతుంది.

2022 జనవరి 1 నుంచి బిల్లు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కడుపు నొప్పి వచ్చి ఫిర్యాదు చేయాలన్నా అదే ఆధారం కాబట్టి బిల్లును అప్పుడే నలిపి పారేయకండి.

పార్శిల్, యాప్

అదే మెస్ భోజనాన్ని యాప్‌లో చూస్తే ధర ఎక్కువగా కనబడుతుంది. యాప్ కమీషన్‌ను చాలా హోటళ్లు ధరలోనే కలిపేస్తాయి. దానికి తోడు 2022 జనవరి నుంచి యాప్ ద్వారా వచ్చే రెస్టారెంట్ తిండి మీద జీఎస్టీ కట్టే బాధ్యత యాప్‌దే, కాబట్టి నేరుగా వెళ్తే పన్ను వేయని చిన్న మెస్ కూడా యాప్‌లో 5 శాతం పన్నుతో వస్తుంది. మీద డెలివరీ చార్జి. కిలోమీటరు లోపైతే ఫోన్ చేసి చెప్పి, నడిచి వెళ్లి తెచ్చుకోవడమే నయం. బిర్యానీ యాప్‌లో తెప్పించినా పర్వాలేదు, మూత బిగించి వస్తే వేడి నిలుస్తుంది. దోశ, పూరీ, బజ్జీ మాత్రం ఎంత దగ్గర నుంచి వచ్చినా ఆవిరికి మెత్తబడి చేరతాయి.

రివ్యూలు చదివేవాళ్లు నక్షత్రాలు వదిలేసి ఈ నెలలో తీసిన ఫోటోలు చూడండి. కస్టమర్ ప్లేటులో కూర ఎలా ఉందో అక్కడ తెలుస్తుంది, హోటల్ వాళ్లు పెట్టిన ఫోటోలో తెలియదు.

మెస్ పార్శిల్‌లో ఒకరికని చెప్పినా అన్నం ఇద్దరికి సరిపోతుంది, అందుకే ఇద్దరుంటే ఒక పార్శిల్, ఒక కూర అదనంగా చెప్పండి. మిగిలిన అన్నాన్ని రాత్రి దాకా బల్ల మీద వదిలేయకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. బయల్దేరే ముందు కౌంటర్ దగ్గరే కవరు విప్పి చూసుకోండి. పప్పు, సాంబారు, పెరుగు ఎలాగూ వేస్తారు, హడావుడిలో మర్చిపోయేది ఎప్పుడూ కందిపొడి పొట్లమే.